ముందు వెళ్లినవాళ్లు

పండగ ముందు రోజుల్లో మందస రోడ్డు స్టేషన్‌లో బండి దిగే కుర్రాళ్లను చూడండి. భుజాన ల్యాప్‌టాప్ సంచి, చేతిలో బట్టల బ్యాగు. హరిపురంలో ఆటో ఎక్కేలోపే ఎవరో ఒకరు పలకరిస్తారు. "ఏటి బావూ, ఎప్పుడొచ్చినావు? ఉజ్జోగం ఒచ్చినాదేటి?" అడిగిన మనిషి పరాయివాడు కాదు. ఆ కుర్రాణ్ణి చిన్నప్పుడు చంకనెత్తుకున్నవాడో, వాళ్ల నాన్నతో కలిసి కొబ్బరి దింపినవాడో అయి ఉంటాడు. ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు, ఉన్నదంతా ఆపేక్షే. అయినా ఎక్కడో గుచ్చుకుంటుంది. "ఇంకా నేదు మావా, చూస్తన్నాను" అని కుర్రాడు తల తిప్పుకుంటాడు. బీటెక్ పూర్తయి ఏడాది దాటాక ఆ ఒక్క మాట చెప్పడం ఎంత బరువో చెప్పినవాళ్లకే తెలుసు. దానికి జడిసి పండక్కి ఊరు రావడమే మానేసిన పిల్లలు మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఉన్నారు.

వాళ్లలో 2025లో చదువు ముగించిన పిల్లల సంగతి విడిగా చెప్పుకోవాలి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటేనాటికి వాళ్లు పదో తరగతిలో ఉన్నారు. పెరట్లో కొబ్బరిచెట్లు, దూరాన జీడితోట ఒక్క పూటలో నేలకూలిన ఇళ్లు వాళ్లవి. రోజుల తరబడి కరెంటు లేదు. ఆ చీకట్లోనే చదివి 2019 మార్చిలో పరీక్షలు రాశారు. ఇంటర్ మొదటి ఏడాది చివర కరోనా వచ్చింది, 2021లో రెండో ఏడాది పరీక్షలు రద్దయ్యాయి. ఆ ఏడాదే టెక్కలి ఐతంలోనో, విశాఖ చుట్టుపక్కల కళాశాలల్లోనో ఇంజినీరింగ్‌లో చేరారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మనుషుల కోసం వెతుక్కుంటున్న రోజులవి. ఇన్ఫోసిస్ ఒక్కటే 2021–22లో 85 వేల మంది ఫ్రెషర్లను తీసుకుంది. కంప్యూటర్ సైన్సు తప్ప ఇంకేదీ వద్దని బంధువులంతా చెప్పింది అప్పుడే. వాళ్లు రెండో ఏడాదిలో ఉండగా, 2022 నవంబర్‌లో, చాట్‌జీపీటీ వచ్చింది. వాళ్ల మూడో ఏడాదికి సరిపోయే 2023–24లో ఇన్ఫోసిస్ తీసుకున్న ఫ్రెషర్లు 11,900 మంది. బార్లా తెరిచి ఉన్న తలుపు చూసి బయల్దేరిన పిల్లలు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అది ఓరగా వేసి ఉంది.

ఆఫర్ లెటర్ చేతికి వచ్చినవాళ్లకైనా నిశ్చింత లేదు. 2022లో ఇన్ఫోసిస్‌కు ఎంపికైన కొందరు రెండేళ్లకు పైగా పిలుపు కోసం ఎదురుచూశారు. చివరికి మైసూరు శిక్షణ కేంద్రానికి చేరితే, లోపలి పరీక్షలు మూడుసార్లు తప్పారని 2025 ఫిబ్రవరిలో 300 మందికి పైగా వెనక్కి పంపేశారు. అదే ఏడాది టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతాన్ని, అంటే సుమారు 12 వేల మందిని, తగ్గించుకుంటామని ప్రకటించింది. అమెరికాలో పరిస్థితి మెరుగ్గా ఉందనుకోవడానికీ లేదు. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు 2025 ఆగస్టులో వెలువరించిన అధ్యయనం ప్రకారం అక్కడ 22 నుంచి 25 ఏళ్ల వయసున్న సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరినాటితో పోలిస్తే దాదాపు 20 శాతం తగ్గాయి. పెద్ద వయసు డెవలపర్లకు ఆ దెబ్బ తగల్లేదు. కృత్రిమ మేధ ముందుగా చేతుల్లోకి తీసుకున్నది కొత్తవాళ్లకు ఇచ్చే చిన్నచిన్న పనుల్ని. ఆ పనులు చేస్తూనే కదా ఎవరైనా పెద్దపనికి ఎదిగేది!

కాబట్టి ఈ పిల్లలకు ఉద్యోగం రాకపోవడం వాళ్ల బద్ధకం వల్లో, ఫోన్ల వల్లో అనుకునే పెద్దలు ఆ మాట కాస్త ఆపి ఆలోచించాలి. వీళ్లు ఎదుర్కొంటున్నది పాత చిక్కుముడే, ఇప్పుడు మరింత బిగిసింది. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టు, అనుభవం లేదని ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేక అనుభవం రాదు. ప్రకటన చూస్తే కనీసం రెండేళ్ల అనుభవం ఉండాలంటుంది. ఫ్రెషర్లకే అని రాసిన చోట పదిలో, ఇంటర్‌లో, బీటెక్‌లో అరవై శాతం దాటాలి, బ్యాక్‌లాగ్ ఉండకూడదు, ఈ ఏడాదో నిరుడో పాసై ఉండాలి. ఆ కాలమ్‌లో ఒక్క ఏడాది తేడా వస్తే దరఖాస్తు మనిషి కంటికి చేరకుండానే పక్కకు పోతుంది.

మన ప్రాంతంలో ఏ పనిలోకైనా కొత్తవాళ్లు ఎలా వస్తున్నారో ఒకసారి చూద్దాం. పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమలో కొత్తగా చేరిన అమ్మాయిని ఎవరూ అనుభవం అడగరు. చెయ్యి తిరిగిన అప్ప పక్కన కూర్చోబెడతారు. మొదట పొట్టు తీయడం, పప్పు విరగకుండా. తరువాత నిండు పప్పును, బద్దను, ముక్కను వేరుచేయడం. పౌనుకు 240 తూగే పప్పుకీ 320 తూగే పప్పుకీ తేడా కంటితోనే పట్టేయడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఆమె చేసిన తప్పులు పక్కనున్న అప్ప చేతిలో సరిపోతాయి. మంచినీళ్లపేట, బారువ తీరాన మొదటిసారి బోటెక్కిన కుర్రాడికి చుక్కాని ఇవ్వరు, అలాగని ఒడ్డునా వదిలేయరు. వంట చేస్తాడు, నీళ్లు తోడతాడు, చిక్కుపడ్డ వల విప్పుతాడు, గాలి ఎటు తిరిగిందో పెద్దల మాటల్లో వింటాడు. మందస కోవా కలిపే ఇంట్లో పిల్లాడి చేతికి మొదట గరిటె వస్తుంది. ఆ గరిటె ఆపకుండా తిప్పడమే వాడి పని. పాలు ఎప్పుడు ఆ రంగుకు తిరుగుతాయో, మంట ఎప్పుడు తగ్గించాలో తెలియడానికి కొన్ని వందల లీటర్లు కళ్లెదుట మరిగిపోవాలి. ఏ పనిలోనూ అనుభవం గడప బయట అడగలేదు. గడప లోపల నేర్పారు.

ఊరు దాటిన పనులకూ మనకొక పద్ధతి ఉండేది. తాతల తరంలో రంగం వెళ్లడమంటే రంగూన్ వెళ్లడం. ఆ తరువాత కలకత్తా, ఖరగ్‌పూర్, అండమాన్, ముంబయి, గుజరాత్ రేవులు. ఎక్కడికెళ్లినా ముందు ఒకడు వెళ్లాడు, వాడి వెనక నలుగురు వెళ్లారు. రైలు దిగగానే పడుకోవడానికి చోటు, మర్నాడు పొద్దున పనిచోట "మా ఊరోడే, మంచోడే" అని చెప్పే నోరు ఉండేవి. ఉద్దానం బయట సంపాదించుకున్న ప్రతి పని వెనకా ఆ మొదటి మనిషి ఉన్నాడు.

సాఫ్ట్‌వేర్ విషయంలో మన పల్లెల్లో చాలా ఇళ్లకు ఆ మొదటి మనిషి లేడు. 2007–08 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక కొబ్బరి రైతు కొడుకు, జీడి కార్మికురాలి కూతురు ఇంజినీరింగ్ గడప తొక్కారు. అది ఈ నేల మీద జరిగిన గొప్ప మార్పుల్లో ఒకటి, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో మేము ఏకీభవించం. అయితే ఆ పథకం ఫీజు కట్టింది గానీ, రెజ్యూమేలో ఏం రాయాలో, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో చెప్పే బాబాయిని ఇవ్వలేకపోయింది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పుట్టిన పిల్లకు రాత్రి భోజనాల దగ్గర దొరికే సమాచారం మందస పిల్లకు అమీర్‌పేటలో డబ్బు పెడితే గానీ దొరకదు.

అమీర్‌పేట మీద చిన్నచూపు మాకు లేదు. మైత్రీవనం చుట్టూ ఉన్న ఆ ఇరుకు తరగతి గదుల్లో, ఎస్‌ఆర్ నగర్ హాస్టళ్ల ఇనప మంచాల మీద, జిరాక్స్ నోట్సు చదువుకుని వేలమంది తెలుగు పిల్లలు బతుకులు నిలబెట్టుకున్నారు. జావా, డాట్‌నెట్, టెస్టింగ్ అని అక్కడ నేర్పినవాళ్లలో కళాశాల అధ్యాపకుల కంటే శ్రద్ధగా చెప్పినవాళ్లు ఉన్నారు. బాధంతా ఆ గదుల పక్కన, అదే మెట్ల మీద, ఇంకో సరుకు అమ్మేవాళ్లతో. "రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, పేస్లిప్పులు ఇస్తాం, ఎవరైనా ఫోన్ చేస్తే మేమే మాట్లాడతాం" అంటారు. ఇంకొందరు బ్యాక్‌డోర్ ఉద్యోగమని లక్షలు తీసుకుంటారు. బర్మా రోజుల్లో మేస్త్రి అనేవాడు కూలీకి ముందు బయానా ఇచ్చి, ఆ అప్పుతో కట్టేసి ఓడ ఎక్కించేవాడు. ఈ కాలపు మేస్త్రి తనే బయానా పుచ్చుకుంటున్నాడు. ఆ డబ్బు ఎక్కడిది? అమ్మ మెడలోది, లేదా తిత్లీ తరువాత మళ్లీ మొక్కలు నాటిన ఎకరం మీద తెచ్చింది.

ఈ అబద్ధం నిలవదని పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పూర్వాపరాలు నమోదు చేసే నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ 2006 నుంచి ఉంది. 2014లో పీఎఫ్‌కు యూఏఎన్ నంబరు వచ్చాక, ఎవరు ఏ నెలలో ఎక్కడ పనిచేశారో ఒక్క పేజీలో కనిపిస్తుంది. పేస్లిప్పు అచ్చు వేయించగలరు గానీ, పీఎఫ్ ఖాతాలో రెండేళ్ల కిందటి జమ పుట్టించలేరు. చేరిన నాలుగు నెలలకో ఆరు నెలలకో నేపథ్య పరిశీలన నివేదిక వస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం ఐడీ కార్డు తీసుకుని గేటు బయటికి పంపుతారు. ఆ తరువాత నిజం చెప్పినా నమ్మేవాళ్లు ఉండరు. అంతకంటే లోతైన నష్టం ఇంకొకటుంది. రెండేళ్ల అనుభవం ఉందని చెప్పుకున్న పిల్లాడు తెలియనిది అడగలేడు. కొత్తవాడికి ఉండే పెద్ద హక్కు అడగడం. ఆ హక్కును డబ్బిచ్చి పోగొట్టుకున్నవాడు టీములో పదిమంది మధ్య ఒంటరిగా, రోజూ భయంతో కూర్చుంటాడు.

ఇంతకీ అనుభవం అంటే ఏమిటి? కంపెనీ ముద్ర వేసిన కాగితం దాని గుర్తు మాత్రమే. తాను రాసినదాన్ని మరొకరు వాడినప్పుడు, వాడి ఇబ్బంది పడినప్పుడు, ఆ ఇబ్బంది తీర్చడానికి మళ్లీ కూర్చున్నప్పుడు వచ్చేది అనుభవం. అలా వాడే మనిషి హైటెక్ సిటీలోనే ఉండాలని లేదు.

పలాసలోనే ఒక చిన్న జీడి కర్మాగారం తీసుకుందాం. ముప్పైమంది ఆడవాళ్లు పొట్టు తీస్తారు. కూలి కిలో లెక్కన. ఎవరు ఎన్ని కిలోలు తీశారో గుమాస్తా పుస్తకంలో రాస్తాడు, వారం చివర లెక్క కట్టి, అడ్వాన్సు తీసేసి చేతికిస్తారు. ఒక కుర్రాడు ఆ లెక్కకు ఫోనులో నడిచే చిన్న ప్రోగ్రాం రాశాడనుకుందాం. గదిలో కూర్చుని మూడు వారాల్లో రాసేస్తాడు. సోమవారం కర్మాగారానికి పట్టుకెళితే అసలు చదువు మొదలవుతుంది.

మొదటి రోజే ముప్పైమందిలో నలుగురు లక్ష్ములు ఉన్నారని తెలుస్తుంది. పేరును బట్టి మనిషిని గుర్తించేలా రాసిన ప్రోగ్రాం ఒక లక్ష్మి కిలోలు ఇంకో లక్ష్మికి వేస్తుంది. మూడో సెమిస్టర్‌లో మార్కుల కోసం బట్టీపట్టిన ప్రైమరీ కీ అంటే ఏమిటో ఆ సాయంత్రం వాడికి మొదటిసారి అర్థమవుతుంది. గుమాస్తా పన్నెండున్నర కొట్టబోయి చుక్క మరిచిపోతే 125 కిలోలు పడతాయి. సిగ్నల్ లేక బటన్ రెండుసార్లు నొక్కితే అదే లెక్క రెండుసార్లు ఎక్కుతుంది. బుధవారం నుంచి కిలో రేటు పెరిగితే సోమ, మంగళవారాల కూలి కూడా మారిపోతుంది, ఎందుకంటే రేటును ఒక్కచోటే రాసుకున్నాడు. శనివారం ఒకామెకు నలభై రూపాయలు తక్కువ వస్తాయి. ఆమె గొడవపడదు, మెల్లగా "నా లెక్క ఓపాలి సూడు నాయనా" అంటుంది. ఆ నలభై రూపాయలు ఎక్కడ పోయాయో వెతుకుతూ ఆ కుర్రాడు తెల్లవార్లూ మేలుకుంటాడు. ఏ అమీర్‌పేట గదిలోనూ, ఏ ఆన్‌లైన్ కోర్సులోనూ ఆ రాత్రి దొరకదు. ప్రోగ్రాం తప్పయితే ఎర్ర గీత వస్తుందని వాడికి ఇదివరకు తెలుసు. తప్పయితే ఒక మనిషి ఇంటికి కూర తక్కువ పడుతుందని ఇప్పుడు తెలిసింది.

ఆ మర్నాటి నుంచి వాడు రాసే తీరే మారుతుంది. అంకె కొట్టగానే పెద్ద అక్షరాల్లో తెలుగులో చూపించి "సరేనా" అని అడిగేలా మారుస్తాడు. చదువురాని వాళ్లకు లెక్క వినిపించాలి కదా అని ఆలోచిస్తాడు. దిద్దిన ప్రతి అంకె పక్కనా పాత అంకె ఉంచుతాడు. గుమాస్తా ఫోను పోతే ఏమవుతుందని ఒక రాత్రి భయపడి, లెక్కంతా రెండో చోట దాచే ఏర్పాటు చేస్తాడు. మూడు వారాల్లో రాసినది సరిగ్గా నడవడానికి మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలల మార్పులు గిట్‌హబ్‌లో తేదీలతో సహా ఉంటాయి. ఇంటర్వ్యూలో "మీ ప్రాజెక్టు గురించి చెప్పండి" అనగానే, రెండు వేలు పెట్టి కొనుక్కున్న లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టం వప్పజెప్పే పిల్లవాడు మూడో ప్రశ్నకు ఆగిపోతాడు. నలుగురు లక్ష్ముల కథ చెప్పేవాణ్ణి ఎదుటివాళ్లే ముందుకు వంగి ఇంకా అడుగుతారు. ఇంగ్లిష్ తడబడినా ఫర్వాలేదు, తన చేతులారా చేసిన పని గురించి చెప్పేటప్పుడు మాట దానంతటదే దారి వెతుక్కుంటుంది.

కృత్రిమ మేధ నిమిషంలో రాసేసే కాలంలో ఇదంతా ఎందుకని అడగవచ్చు. కూలి లెక్క ప్రోగ్రాం రాయమంటే అది నిజంగానే నిమిషంలో రాస్తుంది. వాడుకోవాలి కూడా, దాన్ని వాడటం రాని కొత్తవాణ్ణి ఇక ఎవరూ తీసుకోరు. కానీ ఆ కర్మాగారంలో నలుగురు లక్ష్ములు ఉన్నారని దానికి చెప్పాల్సింది అక్కడికి వెళ్లి కూర్చున్న మనిషే. అది రాసిచ్చిన ప్రతి వరుసా ఎందుకుందో చెప్పగలిగినంత వరకే ఆ ప్రోగ్రాం మీది. చెప్పలేనిది పక్కవాడి రికార్డు చూసి రాసుకున్నదానితో సమానం, అడిగేవాళ్లు అది ఇట్టే పడతారు.

ఇలాంటి పనులు మన జిల్లాలో వెతికితే చాలా ఉన్నాయి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథలను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టింది. అలాంటి భాండాగారాలకు వెతుకులాట సులువు చేసే చేతులు ఎప్పుడూ కావాలి. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే లేఖిని అనే చిన్న ఉపకరణం ఒక తెలుగు కుర్రాడు సొంత ఆసక్తితో చేసినదే, ఎన్ని వేలమంది దానితో మొదటిసారి తెలుగు రాశారో! మందస కొండల్లో సవర పల్లెలున్నాయి. సవర భాష కోసం 1936లో పుట్టిన సొరంగ్ సొంపెంగ్ లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది, కానీ సవర పిల్లలు తమ భాషలో ఫోనులో హాయిగా రాసుకునే రోజు ఇంకా రావాలి. ఈ పనికి పాత అనుభవం ఎవరికుంది? పక్కనే పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తికి మాత్రం ఏముంది? చరిత్ర పాఠాలు చెప్పుకునే మనిషి, సవర మనిషిని ఇంటికి పిలిచి కూర్చోబెట్టుకుని మాట మాటా నేర్చుకున్నారు. 1931లో అచ్చయిన ఆయన సవర వ్యాకరణం అలా మొదలైంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఉద్దానం అనగానే కిడ్నీ వ్యాధి గుర్తొస్తుంది, దాని మీద ప్రాజెక్టు చేయాలని పిల్లలకు అనిపించడం సహజం. రోగుల పేర్లు, రక్త పరీక్షల అంకెలు వైద్యుల పర్యవేక్షణ లేకుండా సేకరించవద్దు. ఎవరి బాధా నేర్చుకోవడానికి ముడిసరుకు కాకూడదు.

ఆడపిల్లల మాట విడిగా తలచుకోకపోతే తప్పవుతుంది. కొడుకును హైదరాబాద్ హాస్టల్‌లో ఏడాది ఉంచడానికి అప్పు చేసే ఇల్లే, కూతురి దగ్గరికి వచ్చేసరికి "ఉజ్జోగం ఒస్తే ఎల్లుదువు" అంటుంది. వెళ్తే గానీ రాదు, వస్తే గానీ పంపరు. ఈలోగా సంబంధాలు చూడటం మొదలవుతుంది. మార్కుల్లో తరగతి మొత్తానికి ముందున్న అమ్మాయి రెండేళ్ల తరువాత ఆ సర్టిఫికెట్లను ట్రంకుపెట్టెలో చూసుకోవడం మనం చాలా ఇళ్లలో చూశాం. కొబ్బరి మొక్క నాటి కాపుకు ఆరేడేళ్లు ఆగే తల్లిదండ్రులు, నాలుగేళ్లు చదివిన కూతురికి ఒక్క ఏడాది ఆగలేరా? ఆ ఏడాది ఆమె ఇంట్లోంచే పైన చెప్పిన పనులు చేయగలదు. కావలసింది కరెంటు, నెట్టు, తలుపు వేసుకుని కూర్చునే మూడు గంటలు. ఆ మూడు గంటలూ పొయ్యి దగ్గరికి పిలవకుండా ఉండటం ఇంటివాళ్ల వంతు.

ప్రభుత్వం, కళాశాలలు చేయాల్సింది తక్కువేం లేదు. 2020–21 నుంచి డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుతో కలిపి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఇంజినీరింగ్‌లోనూ వేసవి ఇంటర్న్‌షిప్‌లు వచ్చాయి. ఆలోచన చక్కనిది. పల్లెకు వెళ్లి, అవసరం కనుక్కుని, దానికి పనికొచ్చేది తయారుచేసే అవకాశం అందులోనే ఉంది. ఆచరణలో చాలాచోట్ల అది డబ్బు కట్టి ఆన్‌లైన్‌లో తెచ్చుకునే సర్టిఫికెట్‌గా మిగిలింది. పిల్లలు కట్టిన ఆ డబ్బుకు బదులు, ప్రతి కళాశాలా తన చుట్టూ పాతిక కిలోమీటర్లలో ఉన్న జీడి యజమానులతో, గ్రానైట్ పనివారితో, మత్స్యకార సంఘాలతో మాట్లాడి నాలుగు నిజమైన సమస్యలు తెచ్చిపెడితే ఎంత బాగుంటుంది! 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద పట్టభద్రులకు ఏడాది పని నేర్పే జాతీయ పథకం ఉంది. 2019లో సవరించిన నిబంధనల్లో నెలకు కనీసం 9 వేల రూపాయల స్టైపెండ్ నిర్ణయించారు, అందులో సగం కేంద్రమే భరిస్తుంది. ఆ నమోదు ఎలా చేసుకోవాలో చివరి ఏడాది పిల్లల్లో ఎందరికి తెలుసో ప్లేస్‌మెంట్ అధికారులు ఒకసారి అడిగి చూడాలి.

విశాఖకు పెద్ద కంపెనీలు వస్తున్నాయి. 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇవ్వాలని మంత్రివర్గం నిర్ణయించింది, 12 వేల ఉద్యోగాలు వస్తాయన్నారు. అక్టోబర్‌లో గూగుల్ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. మంచిదే. పలాస నుంచి విశాఖ మూడు, నాలుగు గంటల ప్రయాణం, పండక్కి ఇంటికి వచ్చి వెళ్లగలిగే దూరం. అయితే దాదాపు ఉచితంగా నేల ఇచ్చిన రాష్ట్రం, బదులుగా ఒక్క షరతు అడగడం అన్యాయం కాదు. తీసుకునేవాళ్లలో కొంతమందినైనా అనుభవం అడగకుండా, ఏ ఏడాది పాసయ్యారని అడగకుండా, చేసిన పని చూసి ఏడాదిపాటు అప్రెంటిస్‌లుగా తీసుకోవాలి. జీడి కర్మాగారంలో కొత్త అమ్మాయిని అప్ప పక్కన కూర్చోబెట్టినట్టు, చెయ్యి తిరిగినవాళ్ల పక్కన కూర్చోబెట్టాలి. కొత్తవాళ్లను తీసుకోవడం దండగ అనుకునే పరిశ్రమకు పదేళ్ల తరువాత అనుభవజ్ఞులు ఎక్కడి నుంచి వస్తారు?

చివరి మాట ఉద్దానం నుంచి ముందే వెళ్లినవాళ్లకు. మీరు ఇప్పుడు మాదాపూర్‌లో ఉన్నారు, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉన్నారు, డల్లాస్‌లో ఉన్నారు. మీలో చాలామందికి మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు వెనక ఎవరూ లేరు, ఆ ఒంటరితనం మీకు తెలుసు. అండమాన్ వెళ్లిన మన తాతలకు రిఫరల్ అనే మాట తెలియదు, కానీ వాళ్లు చేసింది అదే. ఈ సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడు, ఉద్యోగం వచ్చిందా అని అడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు. మీరు ఆ కుర్రాణ్ణి, ఆ అమ్మాయిని వేరే మాట అడగండి. ఏం రాశావు, చూపించు అనండి. అరుగు మీద అరగంట పక్కన కూర్చుని చదవండి, ఎక్కడ తప్పుందో మెత్తగా చెప్పండి, నెల తరువాత మళ్లీ చూపించమనండి. పని బాగుంటే మీ కంపెనీలో ఆ పేరు ఇవ్వండి.